మధ్యలో పని ఆపేశారు, బిల్లు రాలేదు: స్థలం అమ్మాలా?

ప్రశ్న: మాది ఒంగోలు. చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీకి షెడ్డు, ఆఫీసు గదులు కట్టే పని 22 లక్షలకు ఒప్పుకున్నాను. గోడలు లింటెల్ దాకా లేచాక ‘క్వాలిటీ బాగోలేదు, ఇక రావద్దు’ అని వేరే మేస్త్రీకి పని అప్పగించారు. ఇంకా 6.40 లక్షలు రావాలి. కూలీలకు, సిమెంటు షాపుకు రెండు రూపాయల వడ్డీకి 4 లక్షలు తెచ్చి కట్టాను. ఇంటి స్థలం అమ్మి అప్పు తీర్చేసి కోర్టుకు వెళ్లమంటారా?

జవాబు: స్థలం సంగతి తర్వాత చూద్దాం. ముందు సైటులో కొలతలు తీయించండి. కొత్త మేస్త్రీ ప్లాస్టరింగ్ కొట్టేశాడంటే మీరు కట్టిన గోడ ఎక్కడిదాకానో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఇద్దరం కలిసి కొలుద్దామని వాట్సాప్‌లోనూ, రిజిస్టర్డ్ పోస్టులోనూ అడగండి. రానిస్తే ఒక ఇంజినీరును వెంటబెట్టుకెళ్లి, గోడకు టేపు ఆనించి, అంకెలు కనిపించేలా ఫొటోలు తీయండి. రానివ్వకపోతే మీరు అడిగినట్టు ఆ కాగితమైనా ఉంటుంది. ఏ గోడ బాగోలేదో రాసిమ్మని కూడా అడగండి. నిజంగా లోపం ఉంటే ఆ రిపేరు ఖర్చు వదులుకోక తప్పదు. నోటిమాటగా ‘క్వాలిటీ’ అంటే మాత్రం ఒప్పుకోవద్దు. సిమెంటు బిల్లులు, కూలీల హాజరు పుస్తకం పారేయకండి. పాత బిల్లుల్లో వాళ్లు టీడీఎస్ (చెల్లింపులోంచి ముందే కోసుకునే పన్ను) పట్టుకుని ఉంటే, మీ పేరున జమైన పన్నుల లెక్క చూపే ఫారం 26ఏఎస్‌లో కనిపిస్తుంది, అదీ సాక్ష్యమే.

నాకు ఎక్కువ భయం వేసింది మీ వడ్డీ చూసి. 4 లక్షలకు నెలకు 8,000, ఏడాదికి 96,000. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి ఈ అప్పు తీర్చేయండి, వడ్డీ సగానికి పైగా తగ్గుతుంది. ఇంట్లో వాళ్లకు ఇష్టం ఉండదు, తెలుసు. కానీ అవసరంలో ఉన్నారని తెలిస్తే మీ స్థలాన్ని ఎవరూ సరైన ధరకు కొనరు.

ఇక కోర్టు. కేసు రెండేళ్లు నడిచి 6.40 లక్షలూ వచ్చాయనుకోండి. అప్పు ఇలాగే ఉంచితే వడ్డీకే 1.92 లక్షలు పోయి, చేతికి 4.48 మిగులుతుంది. లాయరు ఫీజు అందులోంచే. కాబట్టి ఇప్పుడే 5 లక్షలు ఇస్తామంటే నేనైతే తీసుకుంటాను. ఒంగోలులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెడితే కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీకి పిలిపిస్తారు, ఫీజు ఉండదు. అక్కడ కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానం. అవతలివాళ్లు రాకపోతే అప్పుడు దావా వేయండి. పని చేసిన నాటి నుంచి మూడేళ్లు దాటనివ్వకండి. ‘వచ్చే నెల ఇస్తాం’ అంటూనే ఆ గడువు కరిగిపోవడం నేను చాలాసార్లు చూశాను.

రాజీ కుదిరినా, ‘ఫుల్ అండ్ ఫైనల్’ (ఇక బాకీ ఏమీ లేదు) అని రాసిన కాగితం మీద డబ్బు ఖాతాలో పడ్డాకే సంతకం పెట్టండి. చెక్కు ఇచ్చి అది తిరిగొస్తే, బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లోగా నోటీసు పంపాలి.