కాలువ తల అన్నిటికంటే చివర తెరవాలి అల్లుడా

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూసి కడుపు నిండింది. పై చెరువు నుంచి మీ చెరువుకు నీళ్ళు తెచ్చే కాలువ ముప్పై ఏళ్ళుగా సర్కారు తుమ్మ కింద పూడిపోయింది. అందులో 800 మీటర్లు బయటపడిందంటే మాటలు కాదు.

కానీ ఒక్క ఫొటో చూసి టెన్షన్ పట్టుకుంది. మీరు పై చెరువు మత్తడి (నిండిన నీళ్ళు పొర్లిపోయే కట్టడం) దగ్గర మొదలుపెట్టి కిందికి తవ్వుకుంటూ వస్తున్నారు. దయచేసి అక్కడ ఆపండి. మా ఊరి కాలువ తవ్వినప్పుడు మేమూ అదే తప్పు చేశాం. మే నెలలో ఒక రాత్రి గట్టి వాన పడింది. గుట్ట మీది నీళ్ళన్నీ తవ్విన కాలువలో పడి, తవ్వని చోట ఆగి, పక్కనున్న నువ్వుల చేలోకి మళ్ళాయి. పంట కోతకొచ్చి ఉంది. ఆ రైతు ప్రతి ఆదివారం మాతో పాటు పార పట్టినవాడే. చందాలు వేసి నష్టం కట్టాం, కానీ ఆయన మళ్ళీ పనికి రాలేదు. ఆ బాధ నాకింకా పోలేదు.

అందుకే ఇక మీ చెరువు దగ్గర నుంచి పైకి తవ్వుకుంటూ వెళ్ళండి. అప్పుడు ఎంత వాన పడ్డా నీళ్ళు చెరువులోకే పోతాయి. ఇప్పటికే తవ్విన ముక్క కింది చివర నుంచి వాగులోకి దారి తీయండి. మత్తడి దగ్గర గట్టిగా మట్టికట్ట వేసి, అంతా పూర్తయ్యాకే దాన్ని తీయండి. మిరుగం (జూన్‌లో వానలు మొదలయ్యే కార్తె) లోపు పని కాకపోతే వచ్చే ఎండాకాలం దాకా ఆగండి, నష్టం లేదు.

వాలు సంగతి జేసీబీ డ్రైవర్‌కు వదిలేయొద్దు. గుంటలు పడితే నీళ్ళు వాటిలోనే ఇంకిపోతాయి. నీళ్ళ ట్యూబుతో 20 మీటర్లకోసారి మట్టం చూసి గూటాలు పాతండి. మా కాలువకు కిలోమీటరుకు 1 మీటరు వాలు సరిపోయింది. ఉపాధి హామీ కూలీలు చేసే ముక్కలో మాత్రం మిషన్ పెట్టకూడదు, ఆ హద్దు ముందే గీసుకోండి. తుమ్మను వేర్లతో పెకిలించాలి. నరికి వదిలేస్తే మళ్ళీ చిగురిస్తుంది.

కాలువలో నాట్లు వేసుకున్న ముగ్గురి గురించి అడిగావు. సర్వేయర్ నక్ష పట్టుకుని రాకముందే నువ్వు వాళ్ళ ఇళ్ళకు వెళ్ళు. సర్పంచ్‌నూ, మీ ఊళ్ళో చెరువు నీళ్ళు వదిలే నీరటి తాతనూ వెంట తీసుకెళ్ళు. నీళ్ళు ఎటు పారేవో ఆ తాత చెబితే వాళ్ళు కాదనరు. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు రైతులు సొంత ట్రాక్టర్లతో చెరువు మట్టి తోలుకున్నారు, గుర్తుందా? అలాగే కాలువలో తీసిన ఒండ్రులో మొదటి లోడ్లు ఆ ముగ్గురి పొలాలకే వేయించు. ఇసుక కలిసిన మట్టి పొలానికి వద్దు, బాటకు వాడండి. గట్టు అంచున కుప్ప పోస్తే మాత్రం మొదటి వానకే మళ్ళీ కాలువలోకి జారుతుంది.

మా వైపు ఎన్నో చెరువులకు పూడిక తీశారు గానీ, వాటికి నీళ్ళు తెచ్చే కాలువల మీద అంత శ్రద్ధ పెట్టలేదు. పై చెరువు నిండి మత్తడి దుంకితే కింది చెరువు నిండాలి. కాకతీయుల కాలం నుంచి మన గొలుసుకట్టు చెరువులు బతికింది అలాగే. మీరు పట్టుకున్నది ఆ తెగిన లింకునే, అందుకే నాకింత ఆరాటం.

వచ్చే ఆదివారం పొద్దున్నే వస్తాను. ట్యూబు నేను తెస్తాను, మీరు 50 గూటాలు చెక్కించి పెట్టండి. జొన్నరొట్టెలు చేసి ఉంచమని మీ అమ్మకు చెప్పు.

మీ మామయ్య