బీడింగు అతుకు మళ్లీ మళ్లీ విచ్చుకుంటోంది

ప్రశ్న: మా పడకగదిలో గోడ నుంచి గోడ వరకు బిగించిన అల్మరా పైఅంచుకు నేనే చెక్క బీడింగు కొట్టాను. ఒక్క బద్ద పొడవు చాలక, రెండు బద్దల చివరలను ఆనించి జిగురుతో అతికించాను. కొన్ని నెలలకే అతుకు గీతలా విచ్చుకుంది. పుట్టీ నింపి రంగు వేసినా అక్కడే పగులుతోంది. ఏం చేయాలి?

జవాబు: అడ్డంగా తెగిన చెక్క చివర సన్నని గొట్టాల కట్టలాంటిది కనుక, మీరు పూసిన జిగురులో చాలా భాగాన్ని లోపలికి పీల్చేసుకుంటుంది, పట్టు లేని ఆ అతుకు, అల్మరా తలుపు వేసినప్పుడల్లా కలిగే అదురుకు క్రమంగా విడిపోతుంది. ఎన్నిసార్లు పుట్టీ పెట్టినా ఫలితం ఇంతే.

అతుకును ఏటవాలుగా మార్చండి. రెండు చివరలనూ 45 డిగ్రీల కోణంలో కోసి, ఒకదానిమీద మరొకటి ఎక్కేలా కలిపితే, 18 మిల్లీమీటర్ల మందం గల బద్దకు జిగురు పట్టే ముఖం దాదాపు 25 మిల్లీమీటర్లకు పెరుగుతుంది. అతుకు కొంచెం కదిలినా వెనుకనున్నది కనిపించదు. చాలామంది తడబడేది ఇక్కడే. మూల తిప్పే అలవాటుతో కోతలను ఎదురెదురుగా కోసేస్తారు. అప్పుడు బద్దలు తిన్నగా కలవవు. రెండు బద్దలనూ మైటర్ బాక్స్‌లో (కోణం తప్పకుండా రంపాన్ని నడిపే గాళ్లున్న పెట్టె) ఒకే తీరుగా నిలిపి, ఒకే గాడిలో రంపం నడపండి. ఏటవాలు కోతకు పోయే పొడవును కూడా ముందే లెక్కలో కలుపుకోవాలి.

అతుకు అల్మరాలోని రెండు విడి భాగాలు (పెట్టెలు) కలిసే చోట పడకూడదు, ఎందుకంటే అవి వేర్వేరుగా కదులుతాయి. కోత ముఖం బయటికి కనిపించే బద్దను ముందు బిగించి, దానిమీదికి ఎక్కే బద్దను గది గుమ్మం వైపు నుంచి రానివ్వండి. లోపలికి వచ్చేవారి చూపు అప్పుడు సందులోకి పోదు. కోసిన ముఖాలకు మొదట పలుచగా జిగురు పూసి, అది ఇంకిన కొన్ని నిమిషాలకు మరోపూత వేసి అతికించండి. సన్నని తలలేని మేకును రెండు బద్దలగుండా దిగగొట్టి, జిగురు పూర్తిగా ఆరాకే ఎమెరీ పేపరుతో నునుపు చేయాలి. తడిమీద రుద్దితే జిగురు చెక్కలోకి పాకి, పాలిష్ పట్టని మచ్చ మిగులుతుంది.

పాత చివరలు కోసేస్తే పొడవు తగ్గుతుంది కనుక మీకు ఒక కొత్త బద్ద అవసరమవుతుంది. కొనేటప్పుడు పాత ముక్కను వెంట తీసుకెళ్లి గాట్లు సరిపోల్చుకోండి. ఒకే నమూనా అన్న బద్దల్లోనూ అర మిల్లీమీటరు తేడా ఉండవచ్చు.