ఈసారి టార్గెట్ ఎంత పెట్టుకోమంటారు?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు, ఉద్యోగం చేస్తున్నాను. ఏటా జనవరిలో ‘ఈ సంవత్సరం జీతంలో మూడో వంతు దాస్తా’ అని డైరీలో రాసుకుంటాను. మూడు నాలుగు నెలలకే అది అటకెక్కుతుంది. ఒక్కసారి మాత్రం పట్టుబట్టి ఆరు నెలల ఖర్చులకు సరిపడా అత్యవసర నిధి కూడబెట్టాను. తర్వాత పొదుపు ఆపేశాను. ఏడాది తిరిగేసరికి అందులో సగం కూడా మిగల్లేదు. క్రెడిట్ కార్డు బాకీ కొంత ప్రతి నెలా మిగిలిపోతోంది. నా భార్య ఫ్రీలాన్స్ పనులు చేస్తుంది, ఆ ఆదాయం నిలకడగా ఉండదు. ఈసారి ఎంత టార్గెట్ పెట్టుకుంటే నిలబడగలను?

జవాబు: మీరు అడిగిన అంకె నేను చెప్పను. మీ ప్రశ్నలో నాకు ఎక్కువ ఆలోచన కలిగించింది మీరు గెలిచిన ఆ ఒక్క సంవత్సరమే. నిధి పూర్తయింది, పొదుపూ ఆగింది. టార్గెట్‌తో వచ్చే చిక్కే ఇది. అందకపోతే నీరుగారిపోతాం, అందితే పనైపోయిందనుకుంటాం. ఎలా చూసినా డబ్బు పక్కకు తీయడం ఆగిపోతుంది. ఇక మూడో వంతు సంగతంటారా, కార్డు బాకీ పూర్తిగా కట్టడమే కుదరని ఇంట్లో అది ఆరంభశూరత్వం తప్ప మరోటి కాదు.

‘అయితే నెలనెలా దాచడం అలవాటు చేసుకుంటా’ అంటారేమో. అక్కడా ఒక మెలిక ఉంది. యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 96 మందితో చేసిన అధ్యయనం 2010లో అచ్చయింది. రోజూ చేసే చిన్న పని అప్రయత్నంగా జరిగే స్థాయికి రావడానికి సగటున 66 రోజులు పట్టిందని అందులో తేలింది. కొందరికి 18 రోజులు చాలు, కొందరి విషయంలో లెక్క 254 దాకా వెళ్లింది. అది రోజూ చేసే పని. పొదుపు నెలకొక్కసారి. అదే లెక్కన 66 సార్లు చేయాలంటే అయిదున్నర ఏళ్లు! అందుకే నెలవారీ పొదుపును మీ మనోబలానికి అప్పగించకండి. దాన్ని బ్యాంకుకు అప్పగించండి. మీరు అలవాటు చేసుకోవాల్సింది వేరే ఉంది, అది తర్వాత చెబుతాను.

జీతం పడిన మర్నాడే కొంత సొమ్ము వేరే ఖాతాకు దానంతటదే వెళ్లేలా ఆటో డెబిట్ పెట్టండి. నెలాఖరు తేదీ వద్దు, అప్పటికి ఖాతాలో ఏమీ ఉండదు. ఆ ఖాతాకు డెబిట్ కార్డు తీసుకోకండి, దాని యాప్ ఫోన్‌లో ఉంచకండి. ఎంత పంపాలి? తీసినట్టు ఇంట్లో ఎవరికీ తెలియనంత. జీతంలో అయిదు శాతంతో మొదలుపెట్టండి. అదీ ఇబ్బందైతే రెండు.

‘ఇంత తక్కువా?’ అనుకోకండి. అసలు పని ఇంక్రిమెంట్ వచ్చినప్పుడు మొదలవుతుంది. పెరిగిన జీతంలో సగం ఆ ఆటో డెబిట్‌కు కలపండి. జీతం 100 అనుకుందాం, పొదుపు 5. ఏటా ఎనిమిది శాతం పెరిగితే మొదటి ఇంక్రిమెంట్‌కు జీతం 108, పొదుపు 9. మూడో ఇంక్రిమెంట్ నాటికి జీతం దాదాపు 126, పొదుపు 18, అంటే జీతంలో 14 శాతం. ఈలోగా ఖర్చులకు చేతికొచ్చే మొత్తం కూడా ఏటా పెరుగుతూనే ఉంది, ఏ నెలా బిగబట్టింది లేదు. ఇది నా సొంత తెలివేం కాదు. ఆర్థికవేత్తలు రిచర్డ్ థేలర్, ష్లోమో బెనార్ట్జీ ఈ పద్ధతిని ఒక సంస్థ ఉద్యోగులపై ప్రయత్నించి 2004లో ఫలితాలు ప్రకటించారు. చేరినవాళ్ల సగటు పొదుపు 40 నెలల్లో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి చేరింది.

అయితే ఆ అయిదు శాతం ముందుగా వెళ్లాల్సింది పొదుపు ఖాతాకు కాదు, కార్డు బాకీకి. మినిమమ్ డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టమనే మొత్తం మాత్రమే కట్టి చేతులు దులుపుకుంటే బాకీ కదలదు. నెలకు మూడు శాతం వడ్డీ అంటే ఏడాదికి 36 అనుకుంటారు, వడ్డీ మీద వడ్డీతో అది 42 దాటుతుంది. మీరు దాచే ఏ ఖాతా అంత ఇవ్వదు. బాకీ సున్నా అయ్యాక అదే మొత్తాన్ని అత్యవసర నిధికి మళ్లించండి. షాపింగ్ యాప్‌లలో సేవ్ చేసిన కార్డు వివరాలు ఈ రాత్రికే తీసేయండి. ప్రతిసారీ పదహారు అంకెలు కొట్టాల్సి వస్తే సగం కొనుగోళ్లు అక్కడే ఆగిపోతాయని నా నమ్మకం.

ఇక మీరు అలవాటు చేసుకోవాల్సింది: వారానికోసారి, ఒకే రోజు, ఒకే సమయానికి, పది నిమిషాలు స్టేట్‌మెంట్ చూడటం. ఇద్దరూ కలిసి చూడండి. ఎవరినీ నిలదీయడానికి కాదు, ఊరికే చూడటానికి. గుర్తులేని సబ్‌స్క్రిప్షన్‌లు బయటపడేది అక్కడే. ఒక వారం తప్పినా టెన్షన్ పడకండి. పైన చెప్పిన అధ్యయనంలోనే, ఒకసారి తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోలేదని తేలింది. అత్యవసర నిధి వాడాల్సి వచ్చినా తప్పేం లేదు, ఉన్నదే అందుకు. ఆటో డెబిట్‌ను మాత్రం ముట్టుకోకండి.

పిల్లల చదువు, ఇంటి డౌన్ పేమెంట్ లాంటి తేదీ ఉన్న అవసరాలకు అంకె తప్పదు. అక్కడ ఎంత కావాలి, ఎన్ని నెలలుంది అని లెక్కగట్టి, వచ్చిన నెలవారీ మొత్తాన్ని ఆటో డెబిట్‌లో పెట్టేయండి. రోజూ తలచుకుని బెంగపడక్కర్లేదు.

మీ శ్రీమతి ఆదాయానికి నెలవారీ మొత్తం కుదరదు కాబట్టి శాతం పెట్టుకోండి. ఏ పనికి డబ్బు వచ్చినా, వచ్చిన రోజే అందులో పదో వంతు పొదుపు ఖాతాకు, పన్నుకు పోయే భాగం ఇంకో ఖాతాకు. ఒక నెల ఏమీ రాకపోతే పొదుపూ సున్నాయే, దాన్ని వచ్చే నెల బాకీగా మోయక్కర్లేదు.