గింజలు తీసిన పన్నెండు ద్రాక్షలు

ప్రశ్న: కొత్త సంవత్సరానికి నేనూ మా ఆవిడా స్పెయిన్ వెళ్దామనుకుంటున్నాం. సముద్రం చూడాలి, చలి మాత్రం తట్టుకోలేం. ఎక్కడికెళ్తే బాగుంటుంది?
– ఒక రిటైర్డ్ టీచర్, కడప

జవాబు: మాస్టారూ, ఉత్తరాన సాన్ సెబాస్టియన్ అందమైన ఊరే గానీ చలికాలంలో వానలెక్కువ. మీరు దక్షిణాన సముద్రపు ఒడ్డునున్న మాలగాకి వెళ్ళండి. జనవరిలో పగలు 17 డిగ్రీల దాకా ఉంటుంది, స్వెట్టర్ చాలు.

డిసెంబర్ 31 అర్ధరాత్రి 12 గంటలు కొడుతుంటే, ఒక్కో గంట దెబ్బకి ఒక్కో ద్రాక్షపండు తినడం అక్కడి ఆనవాయితీ. నేను వెళ్ళిన ఏడు, పక్కన నిలబడ్డ పెద్దావిడ తొక్క ఒలిచి గింజలు తీసిన పండ్లు లెక్కపెట్టి నా దోసిట్లో పోసింది. భాష తెలియని నాకు ఆ చల్లటి పండ్లే పలకరింపు.

తర్వాత అల్మేరియా ఊరి దగ్గరి కాబో దె గాతా తీరం తప్పకుండా చూడండి. ఐరోపాలో అతి తక్కువ వాన పడే చోట్లలో అదొకటి. ఎండిన గుట్టలు, కిత్తనార మొక్కలు చూస్తే మా అనంతపురం పొలిమేరలో ఉన్నట్టే అనిపించింది. గుట్ట దిగితే మాత్రం నీలం సముద్రం! ఉప్పుమడుల్లో ఫ్లెమింగోలు కూడా కనిపిస్తాయి.

జనవరి 5 సాయంత్రం, బాల ఏసుకి కానుకలు తెచ్చిన ముగ్గురు రాజుల ఊరేగింపు ఉంటుంది, అమ్మగారికి నచ్చుతుంది. స్పెయిన్‌కి కావలసిన షెంజెన్ వీసాకి ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు, చివరిదాకా ఆగి టెన్షన్ పడకండి.