నీట్ వద్దట, మేడ మీద తోట పెడుతుందట

ప్రశ్న: మాది విజయవాడ, పటమట. అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. నీట్ రాయనంటోంది. నెల రోజుల హైడ్రోపోనిక్స్ (మట్టి లేకుండా నీళ్లలో మొక్కలు పెంచే పద్ధతి) కోర్సు చేసి, మేడ మీద లెట్యూస్ అనే సలాడ్ ఆకు పండించి హోటళ్లకు అమ్ముతుందట. ఐదు లక్షలు అడుగుతోంది. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, డబ్బు ఇప్పుడే ఇవ్వకండి. మేడ మాత్రం ఇచ్చేయండి. తిండి పండించాలని ఒక సిటీ పిల్ల ఇంత ఇష్టంగా అడగడం నాకు నిజంగా సంతోషం. ఆ ఇష్టాన్ని చంపొద్దు.

నా భయమల్లా ఆ లెట్యూస్ గురించే. అది చల్లదనం కోరే మొక్క. బెజవాడ ఎండకు త్వరగా పూతకొచ్చి ఆకు చేదెక్కుతుంది. హైడ్రోపోనిక్స్‌లో వేళ్లు నీళ్లలోనే ఉంటాయి కదా, ఆ నీరు వేడెక్కితే ఆక్సిజన్ తగ్గి వేరుకుళ్లు వస్తుంది. మే నెలలో నీటిని చల్లబరచడానికే కరెంటు బిల్లు తడిసి మోపెడవుతుంది. హైడ్రోపోనిక్స్ కిట్లు అమ్మేవాళ్లు ఈ మాట ముందు చెప్పరు.

తోటకూర, గోంగూర, బచ్చలితో మొదలుపెట్టమనండి. గ్రో బ్యాగులు, కోకోపీట్ (కొబ్బరి పొట్టు), వర్మీ కంపోస్టు, పైన ఎండ తగ్గించే షేడ్ నెట్ చాలు. తోటకూర నాలుగు వారాల్లో కోతకొస్తుంది. అయితే కృష్ణ అవతల ఉండవల్లి, పెనుమాకల్లో కూరగాయలు పండించే రైతులున్నారు. ధరలో వాళ్లతో మేడ తోట పోటీ పడలేదు. పొద్దున కోసిన ఆకు గంటలో పక్కింటి వంటగదికి చేరడమే మీ అమ్మాయి బలం. అపార్ట్‌మెంట్‌లో పది ఇళ్లకు అమ్మి, ఖర్చూ రాబడీ పుస్తకంలో రాయమనండి. వేసవి కూడా గడిచాక ఆ లెక్క చూసి ఐదు లక్షల సంగతి మాట్లాడుకోవచ్చు.

చదువు మాత్రం ఆపొద్దు. నీట్ ఇష్టం లేకపోతే బలవంతం వద్దు, ఈఏపీసెట్ వ్యవసాయ విభాగం తప్పక రాయించండి. వెంకటరామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం పరిధిలో నాలుగేళ్ల బీఎస్సీ హార్టికల్చర్ ఉంది. గుంటూరు లాం కేంద్రంగా ఉన్న ఎన్జీ రంగా వర్సిటీలో బీఎస్సీ అగ్రికల్చర్ ఉంది. మీ అమ్మాయికి నేను హార్టికల్చరే చెబుతాను. మొక్కల పోషణ, తెగుళ్లు, పాలీహౌస్ సాగు, కోత తర్వాత నిల్వ అన్నీ అందులోనే నేర్పుతారు. రేపు సొంత వ్యాపారం కుదరకపోయినా ఉద్యాన శాఖ, నర్సరీలు, విత్తన కంపెనీల వైపు వెళ్లొచ్చు. నెల కోర్సు సర్టిఫికెట్‌తో ఆ దారులు తెరుచుకోవు.

బ్యాగులు పెట్టేముందు ఇంజనీరుకు శ్లాబు చూపించండి. తడిసిన బ్యాగుల బరువు ఎక్కువ, లీకేజీ వస్తే కింది ఇంటివాళ్లతో గొడవ.