తేదీలు, వారాలు, కాలాలు: మీ ఇంగ్లిషు సందేహాలకు జవాబులు

ప్రశ్న: తిరుపతి బస్టాండు దగ్గర లాడ్జి కౌంటర్‌లో పనిచేస్తాను. తెలుగు రాని యాత్రికులకు గది ఎప్పుడు ఖాళీ అవుతుందో ఇంగ్లిషులో చెప్పాలి. వారాల పేర్లు, నెలల పేర్లు వచ్చు. వాటి ముందు ఇన్, ఆన్, ఎట్‌లలో ఏది పెట్టాలో మాత్రం ప్రతిసారీ తికమకే.
– లాడ్జి ఉద్యోగి, తిరుపతి

జవాబు: తెలుగులో మీరు మాట చివర ఏం చేరుస్తున్నారో చూసుకోండి, ముప్పాతిక పని అయిపోతుంది. ‘ఐదో తేదీన’, ‘సోమవారం నాడు’ అన్నచోట ఆన్. ‘మార్చిలో’, ‘2019లో’, ‘ఎండాకాలంలో’ అన్నచోట ఇన్. ‘పది గంటలకు’ అన్నచోట ఎట్. ఈ జతకు లొంగనివి కొన్ని ఉన్నాయి. పొద్దున అంటే ‘ఇన్ ద మార్నింగ్’, రాత్రి అంటే ‘ఎట్ నైట్’. పొద్దునకు ముందు వారం పేరు వచ్చిందా, మళ్ళీ ఆన్‌కే వెళ్ళాలి: ‘ఆన్ మండే మార్నింగ్’. నెక్స్ట్, లాస్ట్, దిస్ ఉంటే ఈ మూడింట్లో ఏదీ అక్కర్లేదు. ‘ఆన్ నెక్స్ట్ మండే’ మన దగ్గర బాగా వినబడే తప్పు.

ఆ నెక్స్ట్‌తోనే మీ కౌంటర్‌లో అసలు తగాదా వస్తుంది. బుధవారం నాడు ‘నెక్స్ట్ ఫ్రైడే’ అంటే కొందరికి ఎల్లుండి, కొందరికి ఆ పైవారం. ఇంగ్లిషు పుట్టుకతో వచ్చినవాళ్ళు కూడా దీనిమీద ఒక మాటమీద ఉండరు. అందుకే వారమూ తేదీ కలిపి చెప్పండి: ‘ఆన్ ఫ్రైడే, ద ట్వెల్త్’. ఫోన్‌లో 13, 30 ఒకేలా వినబడతాయి. థర్టీన్త్‌లో బరువు చివర పడుతుంది, థర్టియత్‌లో మొదట పడుతుంది. అనుమానం వస్తే ‘వన్ త్రీ, ఆర్ త్రీ జీరో?’ అని అంకెలు విడగొట్టి అడిగేయండి. శుక్రవారం దాకా ఉంటామంటే ‘టిల్ ఫ్రైడే’. శుక్రవారం లోపు డబ్బు కట్టాలంటే ‘బై ఫ్రైడే’. ఈ రెండూ తారుమారైతే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

ప్రశ్న: టికెట్‌మీద 15వ తేదీ, 00:20 అని ఉంది. 15 రాత్రి భోంచేసి స్టేషన్‌కు వెళ్తే రైలు నిన్ననే వెళ్ళిపోయిందన్నారు. తప్పు ఎక్కడ జరిగింది?
– పాఠకుడు, చిత్తూరు

జవాబు: మన పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. తెల్లారేదాకా అది ముందురోజు రాత్రే అనుకోవడం మనకు అలవాటు. ఇంగ్లిషు తేదీ అర్ధరాత్రే మారిపోతుంది. 15న 00:20 అంటే 14 రాత్రి భోంచేసి బయల్దేరాలి. ఇంగ్లిషులో అడిగేటప్పుడు ‘ద నైట్ ఆఫ్ ద ఫోర్టీన్త్?’ అని ఖాయం చేసుకోండి. తిరుమలలో తెల్లవారుజామున జరిగే సుప్రభాత సేవ టికెట్‌కూ ఇదే లెక్క: 16వ తేదీ వేసి ఉంటే 15 రాత్రికే మీరు కొండమీద ఉండాలి. 12 ఎ.ఎం. అంటే అర్ధరాత్రి, 12 పి.ఎం. అంటే మిట్టమధ్యాహ్నం. ఇవి గుర్తుండకపోతే ‘మిడ్‌నైట్’, ‘నూన్’ అనండి, గొడవే ఉండదు.

ప్రశ్న: మా పాప మూడో తరగతి. ట్యూస్‌డే, థర్స్‌డే కలిపేస్తుంది. వెడ్నెస్‌డే స్పెల్లింగ్ రాదు. నెలలు గడగడా చెబుతుంది గానీ ఆగస్టు ముందు ఏమిటంటే మళ్ళీ జనవరి నుంచి మొదలుపెడుతుంది.
– ఒక తల్లి, చిత్తూరు

జవాబు: పాటలా బట్టీ పట్టినవాళ్ళకు మధ్యలోంచి అందుకోవడం రాదు. వరసగా చెప్పించడం మానేయండి. గోడమీద తెలుగు క్యాలెండర్ ఉంటుంది కదా, బడికి వెళ్ళేముందు దాని దగ్గర నిలబెట్టి నాలుగే ప్రశ్నలు వేయండి: ఈరోజు, నిన్న, మొన్న, ఎల్లుండి. మొన్నకు ‘ద డే బిఫోర్ ఎస్టర్‌డే’, ఎల్లుండికి ‘ద డే ఆఫ్టర్ టుమారో’. మనకు ఒక్క మాటతో సరిపోయేదానికి వాళ్ళకు ఇంత తోక కావాలి. నెలలు డిసెంబరు నుంచి వెనక్కి చెప్పించండి.

వారాలకు గ్రహాలు పనికొస్తాయి. ఆదివారం సూర్యుడిది, సన్. సోమవారం చంద్రుడిది, మూన్. శనివారం సాటర్న్‌ది. మిగతా నాలుగింట్లో గ్రహాల బదులు ఉత్తర ఐరోపా పాత దేవతలు కూర్చున్నారు. గురువారం ఉరుముల దేవుడు థార్‌ది. థండర్, థర్స్‌డే ఒకే అక్షరాలతో మొదలవుతాయని చెబితే పిల్లలు మళ్ళీ కలిపేయరు. బుధవారాన్ని రాసేటప్పుడు మనసులో వెడ్-నెస్-డే అనుకోవాలి, పైకి మాత్రం ‘వెన్జ్‌డే’ అనాలి. రేపో మాపో తేదీలు రాస్తుంది కాబట్టి ఇదీ చూడండి: ఫోర్త్‌లో యు ఉంటుంది, ఫార్టీలో ఉండదు. నైన్త్‌లో ఇ పోతుంది. 21కి ఎస్‌టి చేరుస్తాం గానీ 11, 12, 13 మూడింటికీ టిహెచ్చే.

ప్రశ్న: ఆటం అంటే శరదృతువా, ఆకురాలే కాలమా?
– డిగ్రీ విద్యార్థి, తిరుపతి

జవాబు: నెలల లెక్కన శరత్తు, ఆకుల లెక్కన శిశిరం. ఇంగ్లండ్‌లో సెప్టెంబరు నుంచి నవంబరు దాకా ఆటం. ఆకులు రాలేదీ అప్పుడే, అమెరికాలో దాన్నే ఫాల్ అంటారు. మనకు ఆశ్వయుజ, కార్తీకాలు శరత్తు. ఆకు రాలేది మాఘ, ఫాల్గుణాల శిశిరంలో. వాళ్ళ నాలుగు కాలాలను మన ఆరు ఋతువులకు సరిగ్గా అతికించాలని చూస్తే ఎక్కడో ఒకచోట చిరుగుతుంది. వానాకాలానికి ఆ నాలుగింట్లో చోటే లేదు. అందుకే ‘మాన్‌సూన్’ లేదా ‘రెయినీ సీజన్’ అంటాం. అందులోనూ మనకు పెద్ద వానలు ఈశాన్య ఋతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వస్తాయి. 2021లో తిరుపతి నీట మునిగింది నవంబరులోనే. కాబట్టి ఇంగ్లిషు వ్యాసంలో మన ఊరి వానల గురించి రాసేటప్పుడు నెలల పేర్లు కూడా వేయండి.

ప్రశ్న: అమెరికాలో ఉన్న అబ్బాయి 06/07 అని పంపాడు. జూలై ఆరా, జూన్ ఏడా?
– పాఠకురాలు, తిరుపతి

జవాబు: అక్కడి పద్ధతిలో నెల ముందు, అంటే జూన్ 7. మన పద్ధతిలో జూలై 6. రెండంకెల్లో ఏదైనా 12 దాటితే అదే తేదీ అని తెలిసిపోతుంది, దాటకపోతే ఊహించొద్దు. నెల పేరు అక్షరాల్లో రాయమని అబ్బాయికే చెప్పండి.