ప్రాగ్‌లో ఒక్క రోజే ఉంది, ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?

ప్రశ్న: అక్కా, మేం నలుగురం ఫ్రెండ్స్ డ్రెస్డెన్‌లో మాస్టర్స్ చేస్తున్నాం. శనివారం పొద్దున ట్రైన్‌కి ప్రాగ్ వెళ్లి రాత్రికి వచ్చేద్దామని ప్లాన్. ఊరంతా నడిచే చూడాలనుంది కానీ మాలో ఒకడికి మోకాలి నొప్పి. ఎట్లా వెళ్తే బాగుంటుంది?

జవాబు: పైనుంచి కిందికి దిగండి తమ్ముడూ, అంతే. అందరూ ముందు ఓల్డ్ టౌన్‌లోని పాత గడియారం, తర్వాత చార్లెస్ బ్రిడ్జి చూసుకుని ఆఖర్న కోటకి ఎక్కుతారు, మేమూ మొదటిసారి అదే చేశాం, నెరుదోవా వీధి ఎక్కేసరికి పిక్కలు పట్టేసి మా ఫ్రెండ్ మెట్ల మీద కూర్చుండిపోయింది, కోటలోని చర్చి లోపలికి వెళ్లే ఓపిక ఎవరికీ మిగల్లేదు, ఆ బాధ నాకింకా పోలేదు.

మెయిన్ స్టేషన్‌లో రోజంతా పనిచేసే టికెట్ కొనుక్కుని, పసుపు మెషీన్‌లో స్టాంప్ వేయించుకోండి, మర్చిపోవద్దు. మెట్రో సి లైన్‌లో రెండు స్టాపులు వెళ్తే ఐ.పీ. పావ్లోవా, అక్కడ 22 నంబర్ ట్రామ్ ఎక్కితే పొహొర్జెలెట్స్‌లో దిగొచ్చు. అక్కణ్నుంచి కోట వరకు దాదాపు అంతా దిగుడే, మీ వాడి మోకాలికి ఎక్కే బాధ తప్పుతుంది, కానీ వీధులన్నీ రాళ్లు పరిచినవి కాబట్టి మంచి షూస్ వేసుకోమనండి.

కోటలో సెయింట్ వైటస్ చర్చికి మాత్రం టైమ్ ఇవ్వండి. 1344లో మొదలుపెట్టి 1929లో పూర్తిచేశారు, అంటే కట్టడం మొదలుపెట్టిన మేస్త్రీల తర్వాత ఎన్ని తరాలు గడిచాయో చూడండి. ఎడమవైపు అల్ఫోన్స్ ముఖా అనే చెక్ చిత్రకారుడు వేసిన రంగుటద్దాల కిటికీ ఉంటుంది, దాని ముందు కాసేపు నిలబడండి.

అక్కణ్నుంచి కిందికి దిగితే చార్లెస్ బ్రిడ్జి, 1357లో మొదలైంది, రెండువైపులా కలిపి 30 విగ్రహాలు. 1393లో రాజు నదిలో పడేయించిన నెపోముక్ జాన్ అనే ప్రీస్ట్ విగ్రహం కింద రేకు మీద జనం చెయ్యి పెట్టి పెట్టి అది బంగారంలా మెరుస్తుంటుంది. బ్రిడ్జి మీంచి మెట్లు దిగితే కాంపా అనే దీవి, నది పక్కనే బెంచీలుంటాయి, పొద్దున్నే పులిహోర కట్టుకెళ్లారంటే అక్కడ కూర్చుని తినేసి కాళ్లు చాపుకోవచ్చు. బయట తినాలంటే గుడ్డు తినే వెజ్ వాళ్లకి స్మాజెనీ సీర్, చీజ్ ముక్కకి గుడ్డు, బ్రెడ్ పొడి పట్టించి వేయించి ఇస్తారు. కార్డ్ మెషీన్ యూరోనా, కొరునానా (అక్కడి కరెన్సీ) అని అడిగితే కొరునానే నొక్కండి, యూరో నొక్కితే రేటు దెబ్బేస్తుంది.

బ్రిడ్జి దాటి ఓల్డ్ టౌన్‌లోకి వెళ్తే గడియారం, 1410 నాటిది, గంట కొట్టేటప్పుడు అస్థిపంజరం బెల్ లాగుతుంది, కిటికీల్లో అపోస్తలుల, అంటే ఏసు శిష్యుల బొమ్మలు తిరుగుతాయి, నిమిషంలోపే అయిపోతుంది, ముందే వెళ్లి గుంపులో నలగొద్దు. దాని పక్కనే నేల మీద 27 తెల్ల శిలువలు చూడండి, 1621లో తిరుగుబాటు చేసిన 27 మందిని చంపింది అక్కడే. జనం వాటి మీద నడిచి వెళ్లిపోతుంటారు, మీరు మాత్రం ఆగండి.

ట్రైన్‌కి గంట ముందు వెన్సెస్లాస్ స్క్వేర్‌కి వచ్చేయండి, స్టేషన్ పక్కనే. పైన మ్యూజియం ముందు నేలలోంచి ఉబికినట్టు కంచు శిలువ ఒకటి ఉంటుంది. 1968లో సోవియట్ ట్యాంకులొచ్చాక, 1969 జనవరిలో జాన్ పాలఖ్ అనే స్టూడెంట్ నిరసనగా అక్కడే నిప్పంటించుకున్నాడు. అతనికి అప్పటికి 20 ఏళ్లు.